సమస్యాపూరణం: “ఉన్న దస్త్రము లేనిచో నున్నదకట!”

నిర్వాహకుడు:
ఈ వారపు సమస్య మన సభ్యుల కష్టంలోనుంచే పుట్టింది. పాతపలక గారు తీరిక వేళల్లో విజువల్ బేసిక్ 6లో రాసుకొన్న గణవిభజన (పాదాలను గురులఘువుల గుంపులుగా విడదీసే) ప్రోగ్రాము పద్యాలను పరీక్షించి ఫలితాలను ఒక దస్త్రంలో దాస్తుంది. కొత్త కంప్యూటరులోకి మార్చిన తరువాత “భద్రపరచబడినది” అనే సందేశం వస్తూనే ఉన్నది గాని, ప్రోగ్రాము ఉన్న ఫోల్డరులో ఆ దస్త్రం కనబడడం లేదట. ఛందస్సు తేటగీతి, ఇచ్చినది నాలుగో పాదం; మొదటి మూడు పాదాలు సభ్యులు రాయాలి. పూరణలో దస్త్రం కనబడకపోవడానికి నిజమైన కారణం ఉండితీరాలి. గ్రహచారాన్ని కారణంగా అంగీకరించము.

పాతపలక:
బాధితుణ్ణి కనుక మొదటి పూరణ నాదే.

నేను ప్రోగ్రాము వ్రాసితి నేర్పుతోడ
పద్యముల నెంచి ఫలితమ్ము ఫైలునందు
దాచుమంటిని; విండోసు దారి మార్చె;
ఉన్న దస్త్రము లేనిచో నున్నదకట!

యతిరక్ష:
గణాలూ యతులూ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) సరిగా ఉన్నాయి. రెండో పాదంలో పకారానికి ఫైకారంతో యతి చక్కగా కుదిరింది. ‘దారి’ అన్న మాట దస్త్రపు చిరునామాకూ, నడిచే బాటకూ సరిపోవడం మీకు కలిసివచ్చిన అదృష్టం. అయితే ‘మార్చెన్’ ద్రుతాంతం (నకారంతో ముగిసేది) కాబట్టి ‘మార్చె నున్న దస్త్రము’ అని కలిపి రాస్తే సంధి నిలుస్తుంది. యతిస్థానంలో ఉకారమే ఉంటుంది గనుక నష్టం లేదు. దస్త్రం ఎక్కడ వెదికారో పద్యంలో చెప్పలేదు; ‘లేనిచోటు’ ఏదో తెలియనిదే సమస్యలోని వైరుద్ధ్యం పూర్తిగా విడిపోదు.

రాత్రిపని:
ఆ చోటు నేను చెప్పగలను. విండోస్ విస్టా నుంచి, సాధారణ హక్కులతో నడిచే పాత 32 బిట్ల ప్రోగ్రాము ‘ప్రోగ్రామ్ ఫైల్స్’లో రాయబోతే, ఆ పని ఆగిపోకుండా వ్యవస్థే దస్త్రాన్ని వాడుకరి ఫోల్డరులోని యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అనే వరుసలోకి మళ్లిస్తుంది. కొత్త ప్రోగ్రాములు తమ హక్కుల సంగతిని మ్యానిఫెస్టు అనే వివరపత్రంలో ముందే చెప్పుకొంటాయి కనుక వాటికి ఈ మళ్లింపు ఉండదు. విచిత్రమేమిటంటే, అదే ప్రోగ్రాము పాత చిరునామాతో మళ్లీ తెరిస్తే దస్త్రం దొరుకుతుంది, ఎక్స్‌ప్లోరరులో ఆ ఫోల్డరు తెరిచిన మనిషికి మాత్రం దొరకదు. పైగా యాప్‌డేటా మామూలుగా కనబడని ఫోల్డరు. ఇంతకంటె సమస్యాపాదానికి తగిన వ్యాఖ్యానం నాకు తోచడం లేదు. ఇక నా పూరణ:

రాత్రి షెడ్యూలరు నడుప వ్రాసె నెటనొ;
దారి మొత్తము నీయక తప్పు జేసి
పేరు మాత్రమే చెప్పితి, వెదుకబోవ
నున్న దస్త్రము లేనిచో నున్నదకట!

ఇది నా సొంత అనుభవం. దస్త్రానికి పేరు మాత్రమే ఇస్తే, ప్రోగ్రాము ఉన్న చోట కాక, అది ఏ ఫోల్డరును తన నెలవుగా ఎంచుకొని నడుస్తున్నదో అక్కడ తయారవుతుంది. నిర్ణీత వేళకు ప్రోగ్రాములను నడిపే టాస్క్ షెడ్యూలరులో ఆరంభస్థానం గడిని ఖాళీగా వదిలితే ఆ నెలవు విండోస్ సొంత ఫోల్డరైన సిస్టమ్32 అవుతుంది. నిర్వాహక హక్కులున్న పని కాబట్టి నా దస్త్రాలు అక్కడే చేరాయి.

యతిరక్ష:
కథ స్పష్టంగా ఉన్నది. ‘ఎటనో’ అనవలసినచోట గణం కోసం ‘ఎటనొ’ అని కుదించారు. ‘వ్రాసె నంత’ అంటే ఆ ఇబ్బంది తొలగుతుంది. షెడ్యూలరు వంటి అన్యదేశ్యాలను పద్యంలో నేను సాధారణంగా మెచ్చను గాని, ఇక్కడ దానికి మారుమాట వెదికితే అర్థం చెడుతుంది.

సున్నాబైట్లు:
పాదాన్ని కొంచెం వేరుగా విరిచాను.

మూయుమను నాజ్ఞ నీయగా ముగియు వేళ
బఫరునందున్న వాక్యముల్ బయలువెడలు;
కనుక ప్రోగ్రాము కడను నా గట్టి మాట
ఉన్న, దస్త్రము, లేనిచో, నున్నదకట!

మూసే ఆజ్ఞ ఉంటే అది దస్త్రం. లేకపోతే నున్నటి బోడిది. రాసిన వాక్యాలు ముందు బఫరు అనే తాత్కాలిక నిలువలో పోగై, నిండినప్పుడో మూసినప్పుడో డిస్కుకు చేరుతాయి.

రాత్రిపని:
ఒక సవరణ. ప్రోగ్రాము సక్రమంగా ముగిస్తే, మూయడం మరిచినా, సి వంటి కొన్ని భాషల్లో మిగిలినది డిస్కుకు చేరుతుంది. అటువంటి భాషల్లో మధ్యలో కూలిపోయినప్పుడు పేరు మిగిలి పరిమాణం సున్నా కావచ్చు.

యతిరక్ష:
‘లేనిచో’ అన్నదాన్ని స్థలవాచకంగా కాక చేదర్థకంగా (‘లేకపోతే’ అని) తీసుకోవడం, ‘నున్నది’ని నునుపైనదిగా చదవడం, ‘ఉన్న’ను ద్రుతం లోపించిన ‘ఉన్నన్’గా నిలపడం, ఈ మూడూ ఒకే పాదంలో సాధించినందుకు అభినందనలు. కాని ఇక్కడే పెద్ద చిక్కు ఉన్నది. నిర్వాహకులిచ్చిన విరుపులో ‘చోన్ + ఉన్నది’ కాబట్టి యతి ఉకారానికి ఉకారంతో కుదిరింది. మీ విరుపులో ‘నున్నది’ ఒకే పదం. అందులోని నుకారం ఆ పదపు సొంత అక్షరం. ఉకారానికి దానితో మైత్రి లేదు. చెవికి ఒక్కలాగే వినిపించినా యతిభంగమే. ఇక ‘గట్టి మాట’లోని ‘గట్టి’ కేవలం యతి కోసం తెచ్చిన పూరకం.

సున్నాబైట్లు:
యతిభంగాన్ని ఒప్పుకొంటున్నాను. పాదం నాది కాదు కనుక దాన్ని మార్చలేను. చమత్కారాన్ని వదులుకోవడానికి మనసు రావడం లేదు. ‘గట్టి’ని మాత్రం మారుస్తాను. దుకాణం కట్టేయడం అనే వాడుకలో మూయడమన్న అర్థం ఉన్నది గదా:

కనుక ప్రోగ్రాము కడను నా కట్టు మాట

యతిరక్ష:
ఇది బాగున్నది. పోటీకి యతి తప్పిన పూరణను స్వీకరించలేము గాని, ఈ వారం నాకు ఎక్కువ నచ్చినది ఇదే.

పాతపలక:
వర్చువల్‌స్టోరులో దస్త్రం దొరికింది. తేదీ నిన్నటిది. ఇకపై భద్రపరిచే చోటును డాక్యుమెంట్స్ ఫోల్డరుకు మార్చి, “భద్రపరచబడినది” అన్న సందేశంలోనే పూర్తి చిరునామా కనబడేటట్లు సవరిస్తున్నాను. నా పద్యంలోని ‘నేర్పుతోడ’ను ఏమి చేయాలో నిర్వాహకులే చెప్పాలి.