గ్యాస్ గీజర్‌లో రాగి భాగం చిట్లింది, టంకం వేయిస్తే చాలా?

మేము కోరాపుట్‌లో ఉంటున్నాం. ఇక్కడి చలికి వేడినీళ్లు లేనిదే పిల్లలు స్నానానికి కదలరు. స్నానాల గదిలో బిగించిన గ్యాస్ గీజర్ మంట ఈమధ్య నీలం పోయి పసుపుగా వస్తోంది, పైన అంతా మసి. నీటిని వేడిచేసే రాగి భాగం చిట్లిందని, టంకం వేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. కారే నీటి గురించి కాదు నా భయం. గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. మొన్న స్నానం చేసి వచ్చిన మా అత్తగారు తలనొప్పి, కళ్లు తిరుగుతున్నాయంటూ పడుకున్నారు. ఆవిడ మాత్రం అదంతా ఉపవాసం వల్లే అంటారు!

ప్రస్తుతం సిలిండర్ కట్టేసి పొయ్యి మీద కాగు పెట్టాం. ఆ భాగం మార్చాలా, గీజరే మార్చాలా? గీజర్‌ను బయట వసారాలో బిగించుకున్నవారు ఉన్నారా? కార్బన్ మోనాక్సైడ్ అలారం జయపురంలో గానీ విజయనగరంలో గానీ దొరుకుతుందా?