తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందా?

నిన్న ఒకరు ఇక్కడ అడిగారు: "తొండ వేరు, ఊసరవెల్లి వేరు. మరి 'తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు' అనే సామెత ఎలా పుట్టింది? మన పెద్దవాళ్లకు ఆ తేడా తెలియదా?" తెలియకపోవడం కాదు, వాళ్లు మనకంటే బాగా చూశారని నా నమ్మకం.

రెండూ వేరన్నది నిజమే. ఊసరవెల్లి కాలివేళ్లు రెండు గుంపులుగా కలిసిపోయి, పట్టకారులా కొమ్మను పట్టుకుంటాయి. ఒక కన్ను ముందుకు చూస్తుంటే ఇంకో కన్ను వెనక్కి తిరుగుతుంది. తోక చుట్ట చుట్టుకుంటుంది. గాలికి ఆకు ఊగినట్టు ఊగుతూ నిదానంగా నడుస్తుంది. తొండకు ఇవేవీ లేవు. దానివి విడివిడిగా ఉన్న పొడుగు వేళ్లు, మెడ నుంచి వీపు మీదుగా రంపపు పళ్లలాంటి ముళ్ల వరస, ఒంటికంటే బాగా పొడుగైన తోక. కంచెలు, తుప్పలు, చెట్టు మొదళ్లు, గోడలు దాని తావులు. మనిషి అలికిడి వింటే చెట్టుకు అవతలి వైపుకు జారుకుని, తల మాత్రం పక్కకు పెట్టి చూస్తుంది.

మరి సామెత? అది నాకు మా పెరట్లో మునగచెట్టు దగ్గర అర్థమైంది. ఎండాకాలమంతా బెరడు రంగులో, ఉందో లేదో తెలియకుండా ఉన్న తొండ, తొలి వానలు పడ్డాక ఒక పొద్దున తల, భుజాలు నారింజ కలిసిన ఎరుపుతో కనిపించింది. గొంతు కింద నల్లటి మచ్చ. ముందుకాళ్ల మీద లేస్తూ, వంగుతూ దండీలు తీస్తోంది. కాసేపటికి ఇంకో మగతొండ వచ్చింది. రెండూ కలబడ్డాయి. ఓడినది కింద పడి పారిపోయింది. గోడ ఎక్కేసరికి దాని ఒంటి మీద ఆ ఎరుపు లేదు, మట్టిరంగే.

ఈ వేషం పిల్ల తొండ వేయదు. ఈడుకొచ్చిన మగది, జత కట్టే కాలంలోనే వేస్తుంది. అంటే నిజంగా "ముదిరిన" తొండే! 1802లో దోదాఁ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీనికి పెట్టిన లాటిన్ పేరులో "వెర్సికలర్" అన్న మాట ఉంది, రంగులు మారేదని అర్థం. మన సామెత చెప్పేదీ అదే.

ఇక ఆ "ముదురు" అన్న మాట చూడండి. ముదురు బెండకాయలో పక్వం, ముదురు ఎరుపులో రంగు చిక్కదనం, "వాడు మహా ముదురు" అన్నప్పుడు జిత్తులు. ఈ సామెతలో మూడూ ఒకేసారి పలుకుతాయి. తొండ ఈడు ముదిరింది, రంగు ముదిరింది, మనం ఎవరి గురించి అంటున్నామో ఆ మనిషీ ముదిరాడు. ఇంకో భాషలోకి దీన్ని ఎలా తీసుకెళ్తాం?

వ్యాఖ్య: చాలా బాగుంది సార్. ఊసరవెల్లి ఏ గుడ్డ మీద పెడితే ఆ రంగు అవుతుందంటారు, నిజమేనా?

జవాబు: కాదండీ. ఎండ, వేడి, భయం, కోపం, ఎదుట మరో ఊసరవెల్లి ఉండటం, వీటిని బట్టి మారుతుంది. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు మడగాస్కర్‌లోని ఒక రకం మీద పరిశోధించారు. దాని చర్మకణాల్లో సన్నటి స్ఫటికాలు ఉంటాయి. అది ఉద్రేకపడితే వాటి మధ్య ఎడం పెరిగి, ఆకుపచ్చ కాస్తా పసుపు, ఎరుపు వైపు మారుతుంది. కాబట్టి పూటకో పార్టీ మారేవాడిని ఊసరవెల్లి అనడం ఆ జీవికి అన్యాయమే. అది పైకి చూపించేది తన లోపలి సంగతినే.

వ్యాఖ్య: అన్నా, మా వైపు బీడును "తొండలు గుడ్లు పెట్టని నేల" అంటారు. కొందరు "గుడ్లు పెట్టే నేల" అంటారు. ఏది సరి?

జవాబు: రెండూ సరైనవే తమ్ముడూ, చూపు వేరు. ఆడతొండ మెత్తటి నేలలో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి పోతుంది. దాని గోళ్లకు కూడా లొంగనంత గట్టి నేల అయితే "పెట్టనిది". నాగలి పడితే గుడ్లు మిగలవు కదా, ఎవరూ దున్నక వదిలేసిన నేల అయితే "పెట్టేది". మీ ఊళ్లో ఏది అంటారో, ఎలాంటి నేలను అంటారో కింద రాయండి.