1,80,000 కి.మీ. దాటిన ఆక్టేవియా వీఆర్‌ఎస్: ఇరిడియం ప్లగ్గులు వేసి మరిచిపోవచ్చా?

ఔటర్ రింగ్ ప్రయాణికుడు:
నా కారు మొదటి తరం స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్, 1.8 టర్బో, 150 హార్స్‌పవర్. మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజిన్ ఒక్క క్షణం తడబడుతోంది. ఒక మెకానిక్ ఇరిడియం స్పార్క్ ప్లగ్గులు, అవీ ఒక మెట్టు చల్లనివి (వేడిని త్వరగా బయటికి వదిలేవి), వేయమన్నారు. మరొకరు మామూలు నికెల్‌వి వేసి తరచూ మార్చుకోమన్నారు. ఎవరి మాట వినాలి?

ఇరిడియం పక్షం:
సందేహమే వద్దు, ఇరిడియం. 2,400 డిగ్రీలు దాటితే గాని కరగని లోహం. మొన సన్నగా ఉంటుంది కాబట్టి తక్కువ వోల్టేజీకే నిప్పురవ్వ దూకుతుంది, ప్లగ్గులకు కరెంటు పంపే కాయిళ్ల మీద భారం తగ్గుతుంది. మాటిమాటికీ విప్పితే ప్లగ్గు బిగిసే అల్యూమినియం హెడ్డులో (ఇంజిన్ పై భాగంలో) మరలు పాడవుతాయి. ఒకసారి బిగించి లక్ష కిలోమీటర్లు ముట్టుకోకండి.

పాత టర్బో:
ఇరిడియం మంచిదే. ‘ముట్టుకోకండి’ అన్నదాన్ని మాత్రం గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ఇంత తిరిగిన టర్బో ఇంజిన్‌లో ప్లగ్గును మార్చడం కన్నా తీసి చూడటం ముఖ్యం. సిలిండర్ లోపలి సంగతి ఇంత చవకగా తెలిపేది మరొకటి లేదు.

నాలుగింటినీ సిలిండర్ల వరుసలోనే పేర్చి చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే మంచిదే. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లబారి బొబ్బలు కట్టిందంటే వేడి మితిమీరింది. ఒక్క ప్లగ్గు మొనకే నూనె జిడ్డు ఉంటే ఆ సిలిండర్ రింగులనో వాల్వు సీళ్లనో అనుమానించాలి. నాలుగింటికీ ఉంటే టర్బో సీళ్లనూ చూడాలి. మొన శుభ్రంగా ఉండి పైన ప్లగ్గు కూర్చునే గుంతలో మాత్రమే నూనె నిలిస్తే భయం లేదు, వాల్వు కవర్ గాస్కెట్ మారిస్తే సరిపోతుంది. ప్లగ్గులు ఎలాగూ బయట ఉన్నాయి కాబట్టి అప్పుడే కంప్రెషన్ పరీక్ష (సిలిండర్ ఎంత ఒత్తిడి నిలుపుతుందో చూసేది) కూడా చేయించండి.

ఇక తడబాటు. పాతబడిన ప్లగ్గులో గ్యాప్, అంటే రవ్వ దూకే సందు, పెరుగుతుంది. టర్బో ఒత్తిడి పెరిగిన కొద్దీ ఆ గ్యాప్ దాటడానికి రవ్వకు ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే లోపం నెమ్మదిగా నడిపినప్పుడు దాక్కుని, పూర్తిగా తొక్కినప్పుడు బయటపడుతుంది. ఈ ఇంజిన్‌కు 0.8 మి.మీ. గ్యాప్‌తో ప్లాటినం ప్లగ్గు చాలు. అయితే బలహీనపడిన కాయిల్, చిట్లిన వాక్యూమ్ గొట్టం కూడా ఇదే లక్షణం చూపిస్తాయి. అవి చూడకుండా ఖరీదైన ప్లగ్గులు కొనడం డబ్బు దండగ.

చల్లని ప్లగ్గు అసలే వద్దు. మొన సుమారు 450 డిగ్రీలకు చేరితేనే దాని మీది మసి కాలిపోతుంది. ఇంజిన్ శక్తి పెంచకుండా చల్లనిది వేస్తే, నగరం ట్రాఫిక్‌లో అంత వేడి అందక మసి పేరుకుపోతుంది.

ఇరిడియం పక్షం:
చల్లని ప్లగ్గు విషయంలో మీ మాటే సరి. మరల సంగతికి మాత్రం జవాబు రాలేదు. ఒక్కసారి పాడైతే హెడ్డు దింపాల్సి రావచ్చు.

పాత టర్బో:
మరలు పాడయ్యేది తీసినందువల్ల కాదు, తీసే తీరు వల్ల. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. గుంతలోని దుమ్మును ముందే గాలితో ఊదేయాలి. కొత్త ప్లగ్గు మొదటి చుట్లు చేతితోనే తిరగాలి, చివర్లో బిగింపు కొలిచే టార్క్ రెంచితో 30 న్యూటన్ మీటర్లు. మరలకు గ్రీజు పూయవద్దు. లోహపు పూతతో వచ్చే తమ ప్లగ్గులకు అది అక్కర్లేదని ఎన్‌జీకే సంస్థే చెబుతుంది. పూస్తే అదే టార్క్‌కు మరలు అవసరానికి మించి బిగుసుకుంటాయి. ఏళ్ల తరబడి వేడికి పట్టేసిన ప్లగ్గే ఊడేటప్పుడు మరలను లాక్కొచ్చే ప్రమాదం ఎక్కువ. 25,000 – 30,000 కిలోమీటర్లకు ఒకసారి తీసి చూడటం అతి కాదు.

ఔటర్ రింగ్ ప్రయాణికుడు:
ముందు కాయిళ్లు, గొట్టాలు చూపించి, ప్లాటినం వేయిస్తాను. ఈలోగా ఇంకేమైనా చూడాలా?

పాత టర్బో:
టైమింగ్ బెల్టు (వాల్వులను పిస్టన్‌లతో లయ కలిపి నడిపే పట్టీ) ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే ప్లగ్గుల కన్నా ముందు అదే. తెగితే వాల్వులు పిస్టన్‌లకు తగులుతాయి. బెల్టుతో పాటు టెన్షనర్, వాటర్ పంపు కూడా మార్పించండి. ఇంజిన్ ఆయిల్ ఫోక్స్‌వ్యాగన్ వారి 502 00 ప్రమాణం ఉన్న ఫుల్ సింథటిక్ పోయించండి.