"రోజుకు ఎన్ని గంటలు బీడీలు చేస్తావ్" అని అడిగితే మా అమ్మ దగ్గర జవాబు లేదు

కోరుట్ల అమ్మాయి అడిగింది:

అందరికీ నమస్కారం. నేను ఎంఏ సోషల్ వర్క్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో కూర్చుని బీడీలు చేసే ఆడవాళ్ల పని గంటలు, కూలి మీద ప్రాజెక్టు చేస్తున్నాను. మాది కోరుట్ల దగ్గర పల్లె. మా అమ్మ పెళ్లికి ముందు నుంచే బీడీలు చేస్తోంది. నాన్న పద్నాలుగేళ్లు దుబాయ్‌లో ఉన్నాడు. అక్కడి నుంచి డబ్బు రాని నెలల్లో మా ఇల్లు బీడీల మీదే నడిచింది. అందుకే ఈ పని గురించి నాకు అంతా తెలుసు అనుకుని ప్రశ్నలు రాసుకుని బయల్దేరాను.

ఇరవై రెండు ఇళ్లు తిరిగాక ఆగిపోయాను. నా ఫారంలో ఏడో ప్రశ్న: "మీరు రోజుకు ఎన్ని గంటలు బీడీలు చేస్తారు?" దీనికి ఎవరూ అంకె చెప్పలేదు. "పొద్దుందాక" అంది ఒకావిడ. "వెయ్యి అయ్యేదాక" అంది ఇంకొకావిడ. మా అమ్మనే అడిగితే, "గంటలు ఎవలు చూసిండ్రు బిడ్డా, చాట ఒళ్లె పెట్టుకుంటే చేసుడే" అంది. చివరికి నేనే "ఎనిమిది గంటలు ఉంటాయా?" అని అడగడం మొదలుపెట్టాను. అందరూ తల ఊపారు. ఇప్పుడు నా దగ్గర ఇరవై రెండు ఫారాలు ఉన్నాయి, అన్నింటిలోనూ 8 అని ఉంది. ఆ ఎనిమిది వాళ్ల నోటి నుంచి వచ్చింది కాదు, నేను వాళ్ల చేత అనిపించింది. రాత్రి ఆ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంటే నిజంగా ఏడుపొచ్చింది.

మా ఇంట్లో పని ఎలా నడుస్తుందో చెప్తాను, అప్పుడు నా ఇబ్బంది అర్థమవుతుంది. ముందు రోజు సాయంత్రం అమ్మ తునికాకు తడిపి, తడి గుడ్డలో చుట్టి పెడుతుంది. ఆకు ఆరిపోతే చిట్లుతుంది, ఎక్కువ తడిస్తే బూజు పడుతుంది. పొద్దున రేకు ముక్క కొలత పెట్టి కత్తెరతో ఆకు కత్తిరిస్తుంది. ఆ తర్వాత చాట ఒళ్లో పెట్టుకుని, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే చేతులు మాత్రం ఆగవు. బీడీ కొసలు వత్తేది మా నానమ్మ. ఆమెకు చూపు సరిగా లేదు, వేళ్లతో తడిమి చేస్తుంది. పదో తరగతి చదివే మా చెల్లె బడి నుంచి వచ్చి ఇరవై అయిదు లెక్కన కట్టలు కడుతుంది. అలాంటి కట్టలు నలభై అయితే వెయ్యి. కార్ఖానా పుస్తకంలో పేరు మాత్రం అమ్మది ఒక్కటే.

పని, వంట ఒకేసారి నడిచే ఇంట్లో గంటలు ఎలా లెక్కపెట్టాలి? ముగ్గురి చేతులు పడిన పనిని ఒక్కరి పేరు మీద ఎలా రాయాలి? ఇంకొకటి, "ఉపాధి రకం" అనే గడిలో మా సార్ "స్వయం ఉపాధి" అని రాయమన్నారు. రాయడానికి నా చెయ్యి రావట్లేదు. ఆకు వాళ్లది, తంబాకు వాళ్లది, రేటు వాళ్లది, వద్దన్న రోజు పనే ఉండదు. ఇందులో అమ్మ సొంతం ఏముంది?

ఫీల్డులో పని చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఇంటింటి సర్వే ఇలా రాశారు:

చెల్లెమ్మా, ఆ ఫారాలు పారేయకు. ఆ ఎనిమిది ఎలా వచ్చిందో రిపోర్టులో ఉన్నదున్నట్టు రాయి. అది కూడా పరిశోధనే.

నేను పదకొండేళ్లు ఇంటింటి సర్వేల్లో పని చేశాను. "ఎన్ని గంటలు" అన్న ప్రశ్న ఆఫీసుకు వెళ్లి వచ్చేవాళ్లకు సరిపోతుంది. వెయ్యి లెక్కన కూలి తీసుకునేవాళ్ల దగ్గర అది పని చేయదు, వాళ్లకు కొలత గడియారం కాదు, కట్ట. అందుకని గంటలు అడగొద్దు, రోజు మొత్తం చెప్పమను. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా టైమ్ యూజ్ సర్వే, అంటే జనం రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో చూసే సర్వే, చేసింది, 2024లో మళ్లీ చేసింది. అందులో ఒక రోజు పొద్దున నాలుగు గంటల నుంచి మర్నాడు నాలుగు దాకా అరగంట చొప్పున గడులు ఉంటాయి. ఒకే అరగంటలో రెండు మూడు పనులు జరిగితే అవన్నీ రాసుకోవచ్చు. నీకు కావాల్సింది అదే. అన్నం ఉడుకుతుండగా బీడీ చుట్టింది రెండూ ఆ గడిలోకి వస్తాయి. ఆరేళ్లు నిండిన ఇంటివాళ్లందరినీ అడుగుతారు కాబట్టి నానమ్మా వస్తుంది, చెల్లే వస్తుంది.

అయితే "పొద్దున అయిదున్నరకు ఏం చేశారు" అని మాత్రం అడగొద్దు. వాళ్లకు తెలిసిన గుర్తులతో అడుగు. నల్లా వచ్చినప్పుడు ఏం చేస్తున్నారు, పిల్లలు బడికి పోయాక ఏం చేశారు, రాత్రి సీరియల్ అప్పుడు చేతిలో ఏముంది. గడియారం టైము నువ్వు పక్కన వేసుకో.

ఇక "స్వయం ఉపాధి" సంగతి. మీ సార్‌తో మర్యాదగానే వాదించు. ఈ విషయంలో నీదే న్యాయం. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం, యజమాని గానీ కాంట్రాక్టరు గానీ ఇచ్చిన సరుకుతో ఇంట్లో బీడీలు చేసేవాళ్లను ఉద్యోగులుగానే లెక్కేసింది. వాళ్లకు పీఎఫ్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1985లో తీర్పు ఇచ్చింది. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి ఆ పాత చట్టం స్థానం తీసుకున్నాయి, అది కూడా రిపోర్టులో ఒక ముక్క రాయి. లెక్కల వైపు నుంచి చూస్తే, 2018లో జెనీవాలో జరిగిన కార్మిక గణాంకాల నిపుణుల సదస్సు ఒక కొత్త వర్గాన్ని ఒప్పుకుంది. పేరుకు సొంత పని, కానీ రేటు, సరుకు, గిరాకీ వేరొకరి చేతిలో ఉండేవాళ్లు. అంటే "స్వయం ఉపాధి" అనే మాట చాలదని ప్రపంచమంతా ఒప్పుకున్నట్టే. ఇలా ఇంట్లోనే ఉండి యజమాని కోసం పని చేసేవాళ్ల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) ఒప్పందం 1996లోనే వచ్చింది, మన దేశం ఇంకా దాన్ని ఆమోదించలేదు.

టేకేదారు కొడుకు ఇలా రాశారు:

మా నాన్న నిజామాబాద్ వైపు ఒక ఊళ్లో టేకేదారు, అంటే ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు చేయించుకునే కాంట్రాక్టరు. ఇప్పుడు లేడు. చిన్నప్పుడు ఆయన పుస్తకాలు నేనే రాసేవాణ్ని, కాబట్టి ఆ పుస్తకం గురించి నాకు తెలిసింది చెప్తాను.

పుస్తకంలో ఉన్న పేరును నమ్మొద్దు. బీడీ కార్మికురాలి కార్డు ఒకరిది, చేసేది ఇంకొకరు. అత్త పేరు మీద కోడలు, పెళ్లయి వెళ్లిపోయిన బిడ్డ పేరు మీద తల్లి. కార్డు లేనివాళ్లు పక్కింటి కార్డు మీద చేసి సగం సగం పంచుకునేవాళ్లు. పని చేసేవాళ్లు ఎంతమంది, కార్డులు ఎన్ని అని రెండు లెక్కలు వేరువేరుగా తీసుకో అమ్మా.

కూలి లెక్క కూడా రేటు దగ్గరే ఆగకూడదు. వెయ్యికి ఇంత అని మీరు రాసుకుంటారు, కానీ చేతికి వచ్చేది అంత కాదు. ఆకులో చిల్లులు, మచ్చలు ఉంటే ఇచ్చిన ఆకుతో వెయ్యి రాదు. తక్కువైన ఆకు బయట కొనుక్కోవాలి, ఆ డబ్బు ఆడవాళ్లే పెట్టుకోవాలి. కార్ఖానాలో బీడీలు చూసేటప్పుడు బాగాలేవని పక్కకు తీసినవి కూలిలోకి రావు. మా నాన్న మంచివాడే, అయినా పైనుంచి ఒత్తిడి వస్తే ఆయనా పక్కకు తీసేవాడు. ఆ రోజుల్లో అది నాకు మామూలు విషయంలా ఉండేది. ఒకావిడ చాట పట్టుకుని మా గుమ్మం ముందే ఏడ్చింది. ఇప్పుడు ఆ లెక్కలు తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది.

నెలలో ఎన్ని రోజులు ఆకు ఇచ్చారో తప్పకుండా అడుగు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ అక్కడే. నెలంతా పని ఉంటుందని లెక్క వేస్తే నీ అంకెలన్నీ తప్పుతాయి.

సిరిసిల్ల అక్క ఇలా రాశారు:

ఒక్క మాట చెప్తా చెల్లె, కోపం తెచ్చుకోకు. పై అన్న చెప్పినట్టు కార్డు ఎవరిది, చేసేది ఎవరు అని కాగితం మీద పేరుతో రాసుకుంటే మాకు టెన్షన్. సర్కారు ఇచ్చే బీడీ పెన్షన్ పీఎఫ్ నంబరు మీద వస్తుంది. 2015లో నెలకు వెయ్యి రూపాయలు ఉండె, 2019లో రెండు వేల పదహారు అయింది. మా ఇంట్లో బియ్యం, గోలీలు, గ్యాసు అన్నీ దాంట్లోనే. నీ కాగితం ఎవరి చేతిలో పడుతుందో మాకేం తెలుసు? ఇదివరకు ఒక సర్వే అమ్మాయి వచ్చి ఇట్లనే అన్నీ రాసుకుని పోయింది. నెల రోజులు భయం భయంగా ఉన్నాం. ఏం కాలేదు కానీ ఆ నెల మాకు నిద్ర లేదు.

పేరు వద్దు, ఇంటి నంబరు వద్దు, కార్డు నంబరు అసలే వద్దు. అప్పుడు అడుగు, అన్నీ చెప్తాం. మా మెడ నొప్పి, దగ్గు గురించి కూడా అడుగు, అది ఎవరూ అడగరు.

కోరుట్ల అమ్మాయి మళ్లీ రాసింది:

అన్నా, అక్కా, అందరికీ దండాలు. వారం తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

సిరిసిల్ల అక్కా, మీ మాట చదివాక నా పాత ఫారాలు తీసి చూశాను. తొమ్మిది ఫారాల్లో పీఎఫ్ నంబర్లు రాసుకున్నాను. ప్రాజెక్టుకు వాటితో పనే లేదు. "వివరాలు" అని ఒక గడి పెట్టాను కాబట్టి నింపేశాను, అంతే. వాటిని నల్ల ఇంకుతో కొట్టేసి, ఆ ఇళ్లకు మళ్లీ వెళ్లి చూపించాను. ఒక పెద్దమ్మ ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి నంబరు కనిపించట్లేదని చూసుకున్నాక గానీ మంచినీళ్లు ఇవ్వలేదు. ఆమె చేసింది ముమ్మాటికీ సరైన పని.

అరగంట గడుల షీటు ముందు మా ఇంట్లోనే వేశాను. సెలవు పెట్టి ఒక రోజంతా అమ్మ పక్కన కూర్చున్నాను. నల్లా, బడి, సీరియల్ గుర్తులు బాగా పనికొచ్చాయి. ఆ రోజు అమ్మ చేతిలో బీడీ ఉన్న గడులు పదిహేడు, అంటే ఎనిమిదిన్నర గంటలు. అందులో అయిదు గడుల్లో పక్కన వంటో, బట్టలో, ఫోనులో నాన్నతో మాటో ఉంది. నానమ్మవి ఆరు గడులు, చెల్లెవి మూడు. మొత్తం పదమూడు గంటలు. అయినవి ఎనిమిది వందల బీడీలు. మా ఊళ్లో ఇప్పుడు వెయ్యికి రెండు వందల యాభై దాకా ఇస్తున్నారు, ఆ లెక్కన రెండు వందల రూపాయలు. పదమూడు గంటలకు పంచితే గంటకు పదిహేను చిల్లర. తక్కువైన ఆకు కొనడానికి అమ్మ ఇచ్చిన డబ్బు ఇందులో ఇంకా తీయలేదు.

నా ఫారాల్లో ఉన్న ఎనిమిది గంటలతో లెక్కేసి ఉంటే గంటకు ఇరవై అయిదు వచ్చేది. నానమ్మ, చెల్లె చేతులు ఆ అంకెలో ఎక్కడా కనిపించేవి కాదు.

నెలలో రోజుల సంగతి అడిగితే అమ్మ గోడకున్న క్యాలెండర్ చూపించింది. ఆకు తెచ్చిన రోజుల మీద పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకుంటుందట, ఇన్నేళ్లలో నేను గమనించనే లేదు. పోయిన నెల పదమూడు చుక్కలు. ఇలాంటి క్యాలెండర్లు వేరే ఇళ్లలోనూ ఉన్నాయేమో ఇప్పుడు అడుగుతున్నాను. నాలుగు ఇళ్లలో దొరికాయి. ఒకచోట క్యాలెండర్ లేదు, తలుపు వెనక సుద్దముక్క గీతలు ఉన్నాయి.

సార్ దగ్గర "స్వయం ఉపాధి" మీద వాదించాను. ముందు ఒప్పుకోలేదు. ఇంట్లో పని అంటే చట్టం వర్తించదు కదా అన్నారు. సొంతంగా ఇంట్లో చేసుకునేవాళ్లకే ఆ మినహాయింపు, యజమాని సరుకుతో చేసేవాళ్లకు కాదు అని 1966 చట్టంలో ఉన్న మాట చూపించాను. "సరే, సరుకు ఇచ్చి చేయించే ఇంటి కార్మికులు అని రాయి" అన్నారు. అలాగే రాశాను.

ఇంకో సందేహం మిగిలింది. చెల్లె కట్టలు కట్టిన మూడు గడులు రిపోర్టులో పెట్టాలంటే అమ్మకు ఇష్టం లేదు. "పిల్లతోని పని చేయిస్తరని రాస్తవా" అంది. పేరు ఉండదని చెప్పినా ఆమె ముఖం మారలేదు. చెల్లెనే అడిగితే "రాయి అక్కా, నేను కడుతున్న కదా" అంది. వయసు రాయకుండా "ఇంట్లో ఇంకొకరు" అని పెట్టాలనుకుంటున్నాను. ఇలాంటివి మీరెవరైనా ఎలా రాశారో చెప్పండి. ఆదివారం మెట్‌పల్లి వైపు ఇంకో ఊరికి వెళ్తున్నాను, అంతకు ముందే తెలిస్తే బాగుంటుంది. గడుల షీటు కావాల్సినవాళ్లు అడగండి, పంపిస్తాను.