పేసర్ రైళ్లు వంపుల్లో అంత కీచుమనేవెందుకు?

ప్రశ్న: బ్రిటన్ పేసర్ రైళ్లలో ఒక రకమైన క్లాస్ 142 డీజిల్ రైలుది బస్సు బాడీ అట కదా! మరి 30 ఏళ్లు దాటి ఎలా నడిచింది?

జవాబు 1: అవును, లేలాండ్ నేషనల్ బస్సు భాగాలే. కింద బోగీలు (పెట్టె కింద వంపును బట్టి తిరిగే చక్రాల చట్రాలు) ఉండవు, పెట్టెకు రెండే ఇరుసులు. వంపు వస్తే అవి దానికి తగ్గట్టు తిరగలేవు, చక్రం అంచు పట్టాను ఒరుసుకుంటుంది. కీచుమోత అక్కడిదే. పట్టాల జాయింట్ల మీద ఎగిరెగిరి పడటం సరేసరి.

జవాబు 2: 1985లో వచ్చినప్పుడు అసలు తలనొప్పి మెకానికల్ గేర్‌బాక్స్‌. దాన్ని తీసేసి వోయిత్ కంపెనీ హైడ్రాలిక్ ట్రాన్స్‌మిషన్ (ద్రవం ద్వారా ఇంజన్ శక్తిని చక్రాలకు అందించేది) వేశారు. 200 హార్స్‌పవర్ లేలాండ్ ఇంజన్ల స్థానంలో 225 హార్స్‌పవర్ కమిన్స్ ఇంజన్లు పెట్టారు. ఆయుష్షు పెరిగింది వాటివల్లే.

జవాబు 3: ఆపించింది మాత్రం దివ్యాంగుల సౌకర్య నిబంధనలు. గడువు 2019 డిసెంబర్ 31. కొన్ని పేసర్లు మినహాయింపుతో 2021 దాకా లాక్కొచ్చాయి.