కీమో రోజుల్లో బంధువుల పరామర్శలు

ప్రశ్న: మా అమ్మగారికి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ జరుగుతోంది. మల్కాజిగిరిలోని మా ఇంటికి చుట్టాలు ప్రేమతోనే వస్తున్నారు గాని, వచ్చిన ప్రతి ఒక్కరికీ జబ్బు సంగతి మొదటినుంచి చెప్పుకోవలసి రావడంతో ఆమె బాగా అలసిపోతున్నారు. ఎవరినీ నొప్పించకుండా ఏం చేయాలి?

జవాబు: కీమో ఎక్కించాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య రోగక్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి కాబట్టి, ఆ రోజుల్లో జలుబు, దగ్గు ఉన్నవారిని రావద్దనడంలో తప్పేమీ లేదండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి.

జవాబు: నేనూ ఈ చికిత్స తీసుకున్నదాన్నే. నా కబుర్లన్నీ మా ఆడపడుచు కుటుంబ వాట్సాప్ గ్రూపులో రాసేది. నోటిపూతతో కారం తగిలితే మండిపోతున్నప్పుడు మా చెల్లెలు మెత్తగా పిసికి తెచ్చిన పెరుగన్నం, జబ్బు ఊసెత్తకుండా పక్కన కూర్చుని సీరియల్ చూసిన స్నేహితురాలి తోడు నాకెంతో ఊరటనిచ్చాయి. ఎవరు రావాలో, ఎప్పుడు రావాలో ముందుగా అమ్మగారినే అడగండి.