ఆమెకు పాజిటివ్ అని చెప్పింది, నా భయం పోవట్లేదు

పానగల్‌గట్టు:
ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నా. మాది నల్గొండ, వయసు 28. ఏడాదిగా ఒకమ్మాయితో పరిచయం, పెళ్లి మాటల దాకా వచ్చింది. పోయిన వారం పానగల్ చెరువు కట్ట మీద కూర్చున్నప్పుడు తనకు హెచ్ఐవీ ఉందని, పుట్టుకతోనే వచ్చిందని, చిన్నప్పటి నుంచి మందులు వాడుతున్నానని చెప్పింది. ఏడవలేదు, బతిమాలలేదు, "ఆలోచించుకో, తొందరేం లేదు" అంది. రోజూ రాత్రి తొమ్మిదికి ఆమె ఫోన్‌లో 'అమ్మకు కాల్' అని అలారం మోగేది. వాళ్లమ్మ పోయి చాలా ఏళ్లయింది కదా అనుకునేవాణ్ణి గానీ ఎన్నడూ అడగలేదు, అది మాత్ర కోసమట. హాస్టల్‌లో ఎవరైనా చూస్తారని మాత్రలు విటమిన్ డబ్బాలో పోసుకుంటుంది.

సిగ్గుపడేది ఏంటంటే, తర్వాత బండి దగ్గర చాయ్ సగం తాగి నాకిచ్చింది, ఎప్పుడూ అట్లే తాగుతాం, ఒక్క క్షణం నా చెయ్యి ఆగింది. ఆమె చూసింది. చాయ్‌తో రాదని నాకు తెలుసు, బీఎస్సీ చదివినోణ్ణే. అయినా ఆగింది. ఈ భయం ఎట్లా పోతుంది? అమ్మకు ముందే చెప్పాలా?

సూటిమాట:
తమ్మీ, కోపం తెచ్చుకోకు. ఊళ్లో తెలిస్తే నీ ఒక్కడితో పోదు, ఇంట్లో చెల్లెలుంటే ఆమె సంబంధాలు కూడా ఆగుతాయి. ఫ్రెండ్‌గా ఉండు, చాలు.

పాలమూరుఅక్క:
సూటిమాట గారూ, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఊళ్లకు పిల్లనివ్వడానికి కూడా ఒకప్పుడు ఇట్లాగే జంకేవాళ్లు, అది నీళ్లలో ఉన్న లోపమని తెలిసి కూడా.

తమ్ముడూ, నాకు పాజిటివ్, మా ఆయనకు నెగెటివ్. పెళ్లయి ఆరేళ్లు, బాబుకు నాలుగు. కడుపుతో ఉన్నప్పుడు ఒక్కరోజు మాత్ర మానలేదు, పుట్టగానే వాడికి సిరప్ వేశారు, 18 నెలలకు చేసిన టెస్టులో కూడా నెగెటివే వచ్చింది. ఆ రిపోర్టు కోసం బెంచీ మీద కూర్చున్న గంట మాత్రం పగవాళ్లకు కూడా వద్దు. మా ఆయన చెయ్యి కూడా ఆగింది, చాయ్ దగ్గర కాదు, దువ్వెన దగ్గర. పెళ్లయిన కొత్తలో నెల రోజులు తన దువ్వెన వేరే అరలో దాచుకున్నాడు, నేను చూడనట్టే ఉన్నా. ఒకరోజు డ్యూటీకి లేటై అది దొరక్క నాది తీసుకున్నాడు, ఆ తర్వాత ఆ అర సంగతే మర్చిపోయాడు. నీది కూడా అట్లనే పోతుంది, కానీ ఆమె చూసింది కదా, చూడనట్టు నటించకు, మాట్లాడు.

ల్యాబ్‌కోటు:
సర్కారు దవాఖానాలో పనిచేస్తా కాబట్టి చెప్తున్నా. ముందు ఆమె వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో అడుగు, హెచ్ఐవీ మందులిచ్చే సర్కారు ఏఆర్టీ సెంటర్‌లో ఆ పరీక్ష ఉచితం. మాత్ర రోజూ పడుతూ, మిల్లీలీటరు రక్తంలో లోడ్ 200 వైరస్ కాపీల కంటే తక్కువగా నిలకడగా ఉంటే శృంగారం ద్వారా అవతలివాళ్లకు సోకదు. ఇది ధైర్యం కోసం చెప్పే మాట కాదు, యూరప్‌లో పార్ట్‌నర్ పేరుతో చేసిన అధ్యయనంలో వందల జంటలు కండోమ్ లేకుండా కలిసినా మందులతో వైరస్ అణిగి ఉన్నవాళ్ల నుంచి భాగస్వామికి ఒక్కరికి కూడా సోకలేదు. అట్లని మాత్రలు నాగా పెడితే ఈ లెక్క పనిచేయదు. వేరే జబ్బులకు, గర్భానికి కండోమ్ ఎట్లాగూ మంచిదే. నీ టెస్టు కూడా చేయించుకో.

ఇక అమ్మకు చెప్పడం. అది నువ్వు తేల్చే విషయం కాదు భయ్యా, ఆమె గుట్టు అది. ఆమె ఒప్పుకోకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. మాట్లాడాలంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి కాల్ చెయ్, ఫ్రీ.

పానగల్‌గట్టు:
అక్కా, నిన్న చాయ్ సంగతి ఎత్తాను. "నేను లెక్కపెట్టా, రెండు సెకన్లు" అని నవ్వింది, నాకు నవ్వు రాలేదు. వైరల్ లోడ్ రిపోర్టు ఫోన్‌లోనే ఉంది, చూపించింది, వైరస్ కనబడలేదనే ఉంది. సోమవారం లీవు పెట్టా, వాళ్ల కౌన్సెలర్ మేడం దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. అమ్మ సంగతి తనే చూసుకుంటానంది, ఇప్పుడే కాదట. అలారం పేరు మార్చమంటే మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు.